ల్యాప్‌టాప్‌కు గొంగడి కప్పిన ముచ్చట

ముందుగల్ల ఒక మాట. నేను చెప్పబోయే ముచ్చట మా బావ సత్తయ్య చెవిల పడొద్దు. పడిందా, ఇగ నేను ఊర్లె తలెత్తుకొని తిరిగేది లేదు. మొన్న వానకు నేను చేసిన పని గసుంటిది. చాయ్ తాగుకుంట ఇనుండ్రి. నవ్వొస్తే అటు దిక్కు తిరిగి నవ్వుండ్రి, నా ముంగట వద్దు.

మా ఇంట్ల ఇప్పుడు నేను, మా మనుమరాలు శిరీష, ఇద్దరమే. కొడుకు, కోడలు మందను తోలుకొని అమ్రాబాద్ దిక్కు పోయిండ్రు. నా మోకాళ్లు సక్కగుంటే నేనే పోదును. వాళ్లకు మేపుడు ఏమొస్తది! సరే, అది వేరే పంచాయతి.

శిరీష నల్గొండల డిగ్రీ చదివింది. సోమవారం పొద్దుగాల దానికి ఇంటర్వ్యూ. హైదరాబాద్ కంపెనీ. పోయేది లేదు, వచ్చేది లేదు. ల్యాప్‌టాప్ ముంగట కూసుంటే వాళ్లు అండ్లకెల్లే అడుగుతరంట, ఇది ఇక్కడికెల్లే చెప్తదంట. ఎన్ని కంపెనీలకు అప్లై చేసిందో, పిలిచింది మాత్రం గీ ఒక్కటే. వారం సంది పిల్ల అద్దం ముంగట నిలబడి తనే ఇంగ్లీషుల అడుగుతది, తనే ఇంగ్లీషుల చెప్తది. నాకు ఒక్క ముక్క అర్థం కాలె. అయినా "మంచిగ చెప్పినవ్ బిడ్డా" అంటుంటి.

శనివారం ఏదో సర్టిఫికెట్ కావాల్నని నల్గొండకు బయలెల్లింది. పోయేముందు నన్ను పిలిచింది.

"తాతా, ల్యాప్‌టాప్‌ల అప్‌డేట్ నడుస్తున్నది. నేనొచ్చేదాక బంద్ కావొద్దు. వైర్ పీకకు. మీద బరువు పెట్టకు. చుక్క నీళ్లు పడనియ్యకు."

"ఇంకేమన్న ఉన్నదా?"

"వానొస్తే మాత్రం అట్లనే ఎత్తుకొని సత్తయ్య తాత ఇంట్ల పెట్టు. వాళ్లది స్లాబు, కురువది."

ఇగో, గక్కడ కాలింది నాకు. సత్తయ్య ఇంటికా? నేనా?

మీకు యాదున్నదో లేదో, సత్తయ్య స్లాబు ఇల్లు కట్టి దావత్ ఇచ్చినప్పుడు నేను పోయిన. మా అక్క మొగుడు గదా, పోకపోతే బాగుండదని పోయిన. కొత్త సోఫా మీద నా గొంగడి పెట్టుకొని కూసున్న. మా బావ ఏం చేసిండు? రెండు వేళ్లతోని, సచ్చిన ఎలుకను పట్టినట్టు పట్టి లేపిండు. "బామ్మర్దీ, వాసనొస్తున్నది" అన్నడు. తీస్కపోయి చెప్పుల కాడ పెట్టిండు. పదిమంది ముంగట! ఆయన తాత గొర్లు కాసినోడు కాదా? స్లాబు పడంగనే ముక్కు పెరిగిందా?

గా దినం సంది ఆ గడప తొక్కలె. పెండ్లిళ్లల్ల ఎదురుపడ్డా నా మొఖం ఒక దిక్కు, ఆయన మొఖం ఒక దిక్కు.

ఆ గొంగడి ఏమన్న అల్కటిదా? మా నాయిన ఎదురుంగ కూసొని మా గొర్ల నల్ల ఉన్నితోని నేయించింది. తల మీదికెల్లి కప్పి కొప్పెర పెట్టుకొని వానల నిలబడితే చుక్క లోపలికి దిగది. ఎన్ని గొర్రెపిల్లలను అండ్ల చుట్టి బతికిచ్చిన్నో నాకే లెక్క లేదు. ఊరోళ్లు తమ గొర్లను నా మందల కలిపి బేఫికర్ పండుకునేటోళ్లు. నా చేతుల పెట్టిన జీవం ఒక్కటి పోలె. ల్యాప్‌టాప్ ఎంత!

శిరీష బస్సెక్కిందో లేదో, పడమటి దిక్కు నల్లగైంది. దబదబ మొదలైంది. మాది గూనపెంకల ఇల్లు. ల్యాప్‌టాప్ పెట్టిన పీటకు జానెడు దూరంల చుక్క పడ్డది. టప్. ఇంకో చుక్క. టప్.

స్లాబు యాద్కొచ్చింది. స్లాబుతోని చెప్పులు యాద్కొచ్చినయ్.

దండెం మీది గొంగడి గుంజిన. కింద ఒక మడత, మీద మూడు మడతలు, నాలుగు దిక్కుల చెక్కి ల్యాప్‌టాప్‌ను చుట్టిన. పీకొద్దన్నది గదా, వైర్ ఒక్కటి బొడ్డుపేగు లెక్క బయటికి ఏలాడుతున్నది. చూడనీకి ఎంత ముద్దుగున్నదో! వచ్చి చూసుకోరా సత్తయ్యా, నీ స్లాబు ఎందుకు నాకు, అనుకున్న.

ఇగ కాపలా కూసున్న.

వానల పుట్టిన గొర్రెపిల్లను గొంగడిల చుట్టినంక కాపరి చూసుకునేది ఒక్కటే. చెయ్యి పెట్టి, వెచ్చగున్నదా లేదా? వెచ్చగున్నదంటే బతికున్నట్టే. సల్లబడితేనే ఫికర్. నేను చెయ్యి పెట్టి చూసిన. వెచ్చగున్నది. శబాష్.

జరసేపైనంక మళ్ల చూసిన. ఇంకింత వెచ్చగున్నది. ఇంకా శబాష్.

లోపలికెల్లి గుర్రుమని సప్పుడు. ముందు మెల్లగుండె, తర్వాత దగ్గొచ్చిన మేకపోతు లెక్క జోరందుకున్నది. ఊపిరి మంచిగ ఆడుతున్నది అనుకున్న. మళ్లోసారి చెయ్యి లోపలికి పోనిస్తే సుర్రుమని కాలింది. గింత తాకత్ ఉన్న పిల్లను నేను నా జిందగీల చూడలె!

ఉన్నట్టుండి సప్పుడు బంద్ అయ్యింది.

కూసున్న కాడికెల్లి లేసిన. గొంగడి ఇప్పిన. అద్దమంత నల్లగ. చెవి ఆనిచ్చి ఇన్న, ఏం లేదు. చూస్తుండంగనే వెచ్చదనం దిగుతున్నది. సల్లబడుతున్నది!

చెప్తే నమ్మరు, నాకు చెమటలు పట్టినయ్. సోమవారం ఇంటర్వ్యూ. పిల్ల నా చేతుల పెట్టి పోయింది. నా చేతుల జీవం పోతున్నది! ఉరికి పోయి పొడి బట్ట తెచ్చి వీపు రుద్దిన. కడుపు రుద్దిన. వైర్ ఊడబీకి మళ్ల పెట్టిన. ఏం కదల్తలేదు. ఇగ ఒక్కటే దారి. పొద్దుగాల నీళ్లు కాగబెట్టిన కట్టెల పొయ్యిల నిప్పులింకా ఉన్నయ్. ఎత్తుకపోయి పొయ్యి పక్కకు నిలబెట్టి, ఊదుగొట్టంతోని ఊదిన.

సల్లబడ్డ పిల్లకు సెగ తగిలితే ముందు చెవి కదిలిస్తది, తర్వాత కాళ్లు తన్నుకుంటది. ఇది చెవి కదిలియ్యలె. వాసన మాత్రం వచ్చింది. ప్లాస్టిక్ కాలిన వాసన. ల్యాప్‌టాప్ కొస జర వంకరవోతున్నది. సగం సెగ ఆగనీకి గొంగడి మళ్ల కప్పిన. గా వాసనంత గొంగడికి పట్టింది.

గప్పుడే వాకిట్ల శిరీష, నల్గొండకెల్లి వాపస్ వచ్చి. నిలువునా తడిసి నిలబడ్డది.

"తాతా... ఏం చేస్తున్నవ్?"

"సెగ చూపిస్తున్న."

"దేనికి?"

"నీ ల్యాప్‌టాప్‌కు. సలి పట్టింది దానికి."

లొల్లి చేస్తదనుకున్న. చేస్తే నేను గూడ నాలుగు మాటలు అనేటోన్ని. చెయ్యలె. వచ్చి దాన్ని పొయ్యి కాడికెల్లి గుంజి, గడపల కూలవడ్డది. "సోమవారం తాతా" అన్నది. గంతే.

వాన తగ్గకముందే నల్గొండ బస్సెక్కినం. గడియారం సెంటర్ కాడ ల్యాప్‌టాప్‌లు బాగుచేసే దుకాణం ఉంటే పోయినం. దుకాణపాయన చిన్న స్క్రూలు ఇప్పి అడుగు లేపిండు. లేపి అట్లనే ఆగిండు. చిమ్టాతోని ఒక నల్ల పోగు పట్టి గుంజిండు. వస్తున్నది... వస్తున్నది... ఇంకా వస్తున్నది. పిడికెడు ఉన్ని!

"ఏం తాతా, గిండ్ల గొర్రెను కట్టేసినవా?"

దుకాణంల ఉన్నోళ్లంత నవ్విండ్రు. శిరీష నవ్వలె. నేను గోడ మీది క్యాలెండర్ దిక్కు చూసిన.

ఆయన చూపెట్టుకుంట చెప్పిండు. "చూడు, గీ సన్న సందులున్నయ్ గదా, లోపలి వేడిని గాలితోని గిట్లకెల్లే బయటికి నూకుతది. ఇవి మూసుకుంటే దాని ఉడుక్కు అదే ఉడుకుతది. కాలి కాలి బంద్ అయితది. పరుపు మీద, దుప్పటి మీద, మెత్తటి దేని మీద పెట్టొద్దు. గట్టి బల్ల మీద పెట్టాలె."

"మరి సల్లబడితే?"

"సల్లబడితేనే బాగున్నట్టు, తాతా!"

గిదేం జీవమండి! వెచ్చగుంటే సావు, సల్లగుంటే బతుకు! ఎవలన్న ముందుగల్ల చెప్పాల్నా వద్దా?

ఇంకో సామాను బయటికి తీసి చూపెట్టిండు. బ్యాటరీ అంట. పచ్చిగడ్డి ఎక్కువ మేసిన మేక కడుపు లెక్క ఉబ్బింది. "గిది ఉబ్బిందంటే ముట్టుకోవొద్దు, చార్జింగ్ పెట్టొద్దు. ఇంకింతసేపు సెగ తగిలితే మంట లేస్తుండె. మీ ఇల్లు మీకు దక్కింది." ఊదుగొట్టంతోని ఊదింది నేనే గదా!

"లోపల మిగిలినదంత పదిలమే. కొత్త బ్యాటరీ, ఫ్యాను బుధవారం వస్తయ్."

బుధవారం. ఇంటర్వ్యూ సోమవారం.

వాపస్ వచ్చేటప్పుడు బస్సుల శిరీష మెల్లగ అన్నది: "సత్తయ్య తాత ఇంట్ల ల్యాప్‌టాప్ ఉన్నది. నెట్ గూడ మంచిగొస్తది."

"ఊర్లె ఇంకెవలకు లేదా?"

"లేదు. నువ్వు రాకు తాతా, నేనే పోయి అడుగుత."

దాన్ని ఒక్కదాన్ని ఎట్ల పంపుత? కాల్చింది నేను, అడిగేది పిల్లనా? నాకు పట్టుదల ఉన్నది గని సిగ్గు గూడ ఉన్నది.

సోమవారం పొద్దుగాల తుంపర. గొంగడి కొప్పెర పెట్టుకొని, పిల్లను ముంగట పెట్టుకొని పోయిన. అక్క తలుపు తీసి "తమ్మీ!" అని కండ్ల నీళ్లు పెట్టుకున్నది. నేను గడప కాడ ఆగిన. లోపల ల్యాప్‌టాప్ ఉన్నది. ఒంటి మీద ఉన్ని ఉన్నది. ఎవ్వలు చెప్పకముందే, నా చేతులతోని నేనే గొంగడి ఇప్పి, మడతపెట్టి, చెప్పుల కాడ పెట్టిన.

మా బావ బనీను మీద నిలబడి నోరు తెరిచిండు.

"ఏం బామ్మర్దీ! పొద్దు ఏ దిక్కు పొడిచింది?"

"పిల్లకు ఇంటర్వ్యూ ఉన్నది. మీ ల్యాప్‌టాప్ జర కావాలె."

"మీదానికి ఏమైంది?"

శిరీష నా దిక్కు చూసింది. "లోపల బోర్డు పోయింది" అన్న.

"కంపెనీ మంచిది కాదు" అన్నడు బావ.

"అస్సలు మంచిది కాదు" అన్న నేను.

అడిగిందే ఆలస్యం, ఆయనే ఉరికి ల్యాప్‌టాప్ తెచ్చి, గదే సోఫా, గదే, దాని మీద దిండేసి పెట్టబోయిండు.

"ఆగు బావా!" అని ఒర్రిన. "మెత్తటి దాని మీద పెట్టొద్దు! ఊపిరాడది దానికి!"

"నీకేం తెలుసు?"

"గాలి సందులు అడుగు దిక్కు ఉంటయ్. సోఫా పనికిరాదు. గట్టి బల్ల తెప్పియ్." మళ్లొక్కసారి చెప్పిన, మంచిగ ఇనబడేటట్టు: "నీ సోఫా పనికిరాదు."

ఎన్నేండ్ల సంది దాచుకున్న మాటో! నోరు తీపైంది.

బల్ల వచ్చింది. పిల్ల కూసున్నది. కూసొని ఏమన్నది? "తాతలిద్దరు జర బయట కూసోండ్రి. మీ లొల్లి వాళ్లకు ఇనబడ్తది." ఇద్దర్నీ బయటికి ఎల్లగొట్టి తలుపేసింది!

బయట అంటే యాడ? చెప్పుల కాడ. నేను, మా బావ, మధ్యల గొంగడి. తుంపర కాస్తా జల్లైంది. బనీను మీద మా బావకు దవడలు కొట్టుకుంటున్నయ్. చూసీ చూడనట్టున్న. ఎంతసేపుంట? గొంగడి ఇప్పి ఒక కొస ఆయన మీద ఏసిన. ఆయన దాన్ని దగ్గరికి గుంజుకున్నడు.

లోపల శిరీష ఇంగ్లీషు ఇనబడ్తున్నది. ఇద్దరికీ అర్థం కాదు, ఇద్దరం చెవులు పెట్టి కూసున్నం, ఈనే గొర్రె కాడ కూసున్నట్టు. ఒక్క కాడ దాని గొంతు ఆగింది. నా గుండె ఆగింది. బావ నా మోకాలు పట్టుకున్నడు. మళ్ల మొదలువెట్టింది. ఇద్దరం ఒక్కపారే ఊపిరిడిసినం.

తలుపు తెరుసుకున్నది. "తాతా! రెండో రౌండుకు తీసుకున్నరు! గురువారం!"

అక్క చక్కెర తేనీకి ఉరికింది. మా బావ సంబురంగ గొంగడి మెడదాక కప్పుకున్నడు. కప్పుకొని ఆగిండు. ముక్కు ఎగపీల్చిండు. మళ్ల పీల్చిండు.

"బామ్మర్దీ, ఏమనుకోకు. ఆ దినం నేను చేసింది తప్పే. నీకు చెప్పాల్నని ఎన్నోసార్లు అనుకున్న. గని... దీనికి ఏదో వాసనైతే ఉన్నదిరా. ఏంది గా వాసన?"

శిరీష నోట్లె చున్నీ కుక్కుకున్నది. నేను దాని దిక్కు ఉరిమి చూసిన.

అది గొంగడి వాసన కాదు. కాలిన ల్యాప్‌టాప్ వాసన. చెప్తే గొంగడి ఇజ్జత్ నిలబడ్తది, నాది పోతది. చెప్పకపోతే నాది నిలబడ్తది, గొంగడిది పోతది.

వాసన లేదని ఇన్నేండ్లు మొఖం తిప్పుకొని తిరిగినోణ్ని, తల కిందికేసి అన్న:

"అవు బావా. గొర్రె వాసనే."