సిస్టరమ్మ కిరిస్పు

మా వీధిలో ఎవరి గుమ్మం ఎక్కినా కెజియమ్మ మొదట అడిగేది ఒక్కటే: "ఇంట్లో ఏటి పళ్లున్నాయి?"

క్షేమసమాచారాలు ఆ తర్వాత. ఒక్కోసారి అసలుండవు. మా అమ్మ పెరట్లో జారిపడి కాలు బెణికినప్పుడు కట్టు కట్టడానికి వచ్చింది. పాదం ఒళ్లో పెట్టుకుని, "ఇక్కడ నొప్పా? ఇక్కడా?" అని నొక్కుతూ నొక్కుతూ, "ఇంట్లో ఏటి పళ్లున్నాయి?" అంది. అది కూడా వైద్యంలో భాగమే కాబోలు అనుకుని మా అమ్మ మూలుగుతూనే, "నాలుగు అరటిపళ్లున్నాయమ్మా" అని చెప్పింది. కాలికి కట్టు మిగిలింది. పళ్లు కెజియమ్మ సంచిలో పడ్డాయి. సాయంత్రానికి మాత్రం మూతపెట్టిన గిన్నె ఒకటి వచ్చింది.

ఆ గిన్నెలో ఉండేదే కిరిస్పు. కెజియమ్మ మిషను ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైంది. ఊరంతా సిస్టరమ్మ అంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కెనడా డాక్టరమ్మ దగ్గర ఈ వంట నేర్చుకుంది. పండు ముక్కలు అడుగున పరిచి, వెన్న, బెల్లం, గోధుమపిండి చేత్తో నలిపి పైన చల్లి ఓవెన్లో పెడితే, కింద పండు మెత్తగా ఉడుకుతుంది, పైన పెచ్చు కరకరలాడుతుంది. దాని అసలు పేరు క్రిస్ప్. మా వీధి నాలుక మీద కిరిస్పు అయింది. డాక్టరమ్మ వేసే ఓట్స్ బదులు ఈవిడ అటుకులు వేస్తుంది, ఏవో సీమగింజల బదులు నేను తెచ్చిచ్చే విరిగిన జీడిపప్పు వేస్తుంది. నేను పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని. పేరు ఢిల్లేశ్వరరావు. మా ఊళ్లో ఢిల్లీ అంటే నేనే.

కిరిస్పుకి కెజియమ్మ పండు కొనదు. "కొన్న పండుతో సేత్తే అది షాపు సరుకురా ఢిల్లీ. ఇంట్లో ఏటుంటే దాంతోనే సెయ్యాల" అంటుంది. ఎవరింట్లో అన్నది మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

ఎనిమిది నెలలుగా ఈ జబ్బు ముదిరింది. అడగడం మానేసి పట్టుకుపోవడం మొదలుపెట్టింది. పనస పండితే వాసన వీధి దాటకముందే వచ్చేస్తుంది. పక్కింటి బొడ్డమ్మ ఒకసారి అరటిపళ్ల అత్తం బియ్యం డ్రమ్ములో దాచింది. కెజియమ్మ గుమ్మంలో నిలబడి గాలి పీల్చి, "ఏటే బొడ్డమ్మా, మీ బియ్యం ముగ్గిపోయినాయేటి?" అంది. అత్తం బయటికి రాక తప్పలేదు.

వీధి చివరి ఇల్లు గోపాలరావు మావది. కొబ్బరితోట, జీడితోట, గట్టు నిండా పనసచెట్లు ఉన్న రైతు. దసరా నాటికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. వారానికి రెండుసార్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. మా ఉద్దానంలో ఈ మాటకి ఎవరూ ఉలిక్కిపడరు, వీధికొకరున్నారు. నీళ్లు కొలిచి తాగాలి. పనస, అరటి, కొబ్బరినీళ్లు ముట్టకూడదు. "పనస తిననోడు ఉద్దానపోడేటిరా" అని నవ్వేసేవాడు. నెల కిందట ఒక పొద్దున కాళ్లు చచ్చుబడి, గుండె లయ తప్పితే మంచంతో సహా ఎత్తి బండిలో వేసుకెళ్లాం. తినకూడనిదేదో తిన్నాడన్నారు డాక్టర్లు. ఏం తిన్నాడో, ఎక్కడ తిన్నాడో పెదవి విప్పలేదు.

ఇక మొన్నటి శనివారం సంగతి.

మావ కూతురు ఇందుమతి అత్తమామలు నిమ్మాడ నుంచి వస్తున్నారు. పెళ్లయ్యాక మొదటిసారి. మావ భార్య కమలకుమారత్త వాళ్ల కోసం సామానుగదికి తాళం వేసి మరీ ఒక పనసపండు ముగ్గేసింది. పొద్దున్న పదిగంటలకి పండు బయటికి తీసి కడుగుతుంటే కెజియమ్మ వచ్చింది. నేను బైకు తుడుచుకుంటూ ఎదురుగా ఉండటం నా ఖర్మ.

"సిస్టరమ్మా, దింపు! అది వియ్యాలోరికి దాసిన పండు!"

"తొనలు ఆలింట్లో ఉండవేటి? నాలుగ్గంటలకి కిరిస్పు సేసి తెత్తాను."

"తేకపోతే?"

"తెత్తాను."

"తేకపోతే నీకూ నాకూ ఈ జన్మలో మాటల్లేవు" అంది అత్త. ఆవిడ అంత నెమ్మదిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అందుకే భయమేసింది. ఈలోగా పండు నా బైకు మీదికి ఎక్కింది.

ఇంటికెళ్లగానే కెజియమ్మ చేతికి నూనె రాసుకుని తొనలు తీసింది. పెద్ద పళ్లెంలో పరిచింది. ఆ తర్వాత వెనక్కి తిరిగి, నాకు కనబడకుండా ఒక చిన్న స్టీలు గిన్నెలో ఏవో ముక్కలు వేసింది. పైన అటుకులు చల్లింది. నేను గుప్పెడు జీడిపప్పుతో చెయ్యి చాపితే ఫట్‌మని కొట్టింది.

"దానికొద్దు!"

పలాస చుట్టుపక్కల జీడిపప్పు వద్దన్న మనిషిని చూడటం అదే మొదటిసారి. "మీ కోసమా సిస్టరమ్మా?" అన్నాను.

"నీ పని సూసుకో."

ఓహో, వీధి పళ్లన్నీ ఊడ్చి మంచి ముక్కలు తనకి దాచుకుంటుందన్నమాట అనుకున్నాను.

రెండున్నరకి రెండూ ఓవెన్లోకి వెళ్లాయి. పది నిమిషాలకి కరెంటు పోయింది. లైన్‌మన్‌కి ఫోన్ చేశాను. నాలుగున్నర దాటుతుందన్నాడు. పళ్లెంలో పిండి పచ్చిగా, తెల్లగా మమ్మల్ని చూస్తోంది. ఫోన్ మోగింది. కమలకుమారత్త.

"ఆలు టెక్కలి దాటీసినారు. ఏటయింది?"

"అయిపోతంది" అంది కెజియమ్మ. పెట్టేసి, "బొడ్డమ్మింట్లో కట్టెలపొయ్యుంది, బేగి ఎత్తు" అంది.

బొడ్డమ్మ మమ్మల్ని చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "నా అరటి అత్తం తిన్నావు. ఇప్పుడు పొయ్యి కూడా తింతావేటి?" అంటూనే కట్టెలు ఎగదోసింది. పెద్ద ఇనపమూకుడులో ఇసక పోసి, దాని మీద పళ్లెం, పక్కన చిన్న గిన్నె పెట్టి, మూత వేసి, మూత మీద నిప్పులు పోశాం. కెజియమ్మ నర్సు గడియారం చేతిలో పట్టుకుని పొయ్యి ముందు నిలబడింది. మూత ఎవరినీ ఎత్తనివ్వలేదు.

"కాశీబుగ్గలో ఉన్నారు!" ఫోన్లో అత్త.

మాడు వాసన వచ్చింది. "సిస్టరమ్మా, మాడతంది!" అన్నాను. "పదకొండు నిమిషాలే అయింది. ముట్టకు" అంది. ఆవిడ నుదుటి మీద చెమట కారి కళ్లలో పడుతోంది. తుడుచుకోలేదు.

"వీధిలోకొచ్చీసినారు సిస్టరమ్మా!" ఈసారి ఫోన్ అక్కర్లేదు. అత్త గొంతు వీధి చివర నుంచి నేరుగానే వినబడింది.

మూత తీశాం. పళ్లెం ఒక మూల నల్లబడింది, మిగతాదంతా బంగారం. చిన్న గిన్నె మాత్రం బొమ్మలా కుదిరింది. పరుగెత్తాం.

కెజియమ్మ మోచేతుల దాకా మసి. "నేనొచ్చి ఒడ్డిత్తాను, ఎవరూ ముట్టకండి" అని పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లింది. అత్త ఆగితేగా! గబగబా కప్పుల్లో వేసి, మావని దాటి అందరికీ ఇచ్చింది. అందంగా ఉన్న చిన్న గిన్నె మర్యాదగా వియ్యంకుడి చేతిలో పెట్టింది. మాడిన మూల నాకిచ్చింది.

వియ్యంకుడు రెండు చెంచాలు తిని ఆగాడు. నాలుక మీద నుంచి గుండ్రటి చిన్న కాగితం ముక్క తీసి వెలుగులో చూశాడు. "ఇదేటండీ?"

యాపిల్ పళ్లకి అంటించే స్టిక్కరు.

కెజియమ్మ అప్పుడే గుమ్మంలోకి వచ్చింది. స్టిక్కరు చూసింది. వియ్యంకుడి చేతిలో చిన్న గిన్నె చూసింది. గిరుక్కున గోపాలరావు మావ వైపు తిరిగింది. మావ చేతిలోకి ఎప్పుడొచ్చిందో ఒక కప్పు, కళ్లు మూసుకుని ఉన్నాడు. ఒక చెంచా నోట్లో ఉంది, రెండోది దారిలో ఉంది.

"ఉమ్మీ బావా!"

అరవయ్యేళ్ల మనిషి అలా దూకుతుందని నేననుకోలేదు. ఒక చేత్తో కప్పు లాగేసింది, ఇంకో చేత్తో మావ బుగ్గలు నొక్కి పట్టింది. "ఉమ్మీ! మింగకు! ఉమ్మీ!" మావ ఆవిడ అరచేతిలోనే ఉమ్మేశాడు.

"మింగినావా? నిజం సెప్పు."

"నేదే... ఇంకా నమల్తన్నాను..."

నోరు తెరిపించి చూసింది. నాడి పట్టుకుని గడియారం వైపు చూస్తూ నిలబడింది. వియ్యంకులు చెంచాలు గాల్లో పట్టుకుని ఉండిపోయారు. కమలకుమారత్త మొహం తెల్లగా పాలిపోయింది. ఒక నిమిషం ఎంత పొడుగుంటుందో నాకు ఆ రోజే తెలిసింది.

"బాగానే ఉంది" అంది చివరికి కెజియమ్మ.

భయం తగ్గగానే అత్తకి కోపం వచ్చింది. "వియ్యాలోరి ముందు ఇదేటి సిస్టరమ్మా! నీ మాయదారి కిరిస్పు మూలంగానే..."

"ఆవిణ్ణేటీ అనకు కమలా" అన్నాడు మావ నేల చూస్తూ. "ఇంట్లో నువ్వు పెట్టవని రోజూ నాను ఈదిలోకి ఎల్లేవోణ్ణి. ఎవురింటికెల్లినా ఓ పండు అడిగితే పెద్దోణ్ణని కాదనరు కదా. ఈవిడకి తెలిసిపోనాది. నాకంటే ముందెల్లి ఇల్లిల్లూ ఊడ్సీడం మొదలెట్టింది. నెల కిందట సర్చి సభలని ఊరెల్లింది సూడు. ఆ రెండ్రోజుల్లోనే నా కాళ్లు పడిపోనాయి."

అందరం కెజియమ్మ వైపు చూశాం. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటోంది.

"మరి ఈ యాపిల్?" అన్నాను నేను.

"పలాసలో కొన్నాను. ఏటి, కొనకూడదేటి?" అని కసిరింది. "అందరూ తింతన్నప్పుడు ఆయనొక్కడూ నోరు కట్టుకుని కూకుంటాడేటి? డాక్టరుగారినడిగే సేసినాను. బెల్లం లేదు, జీడిపప్పు లేదు. స్టిక్కరుంటాదని నాకేటి తెలుసు? ఎప్పుడైనా కొన్నానేటి?"

వియ్యంకుడు గిన్నెలో మిగిలింది మెల్లిగా మావ ముందుకి జరిపాడు. మావ తలెత్తకుండా తిన్నాడు.

అప్పుడే కమలకుమారత్త ముక్కు ఎగబీల్చింది. "సిస్టరమ్మ పండు పొద్దున్నే ఒట్టుకెల్లిపోయింది. మరి లోపలి గదిలోంచి ఇంకా పనసపండు వాసనేటి?"

మావకి హఠాత్తుగా కిటికీ బయట ఏదో పని పడింది. అత్త వాసన పట్టుకుంటూ బీరువా దాకా వెళ్లింది. తాళంచెవి మావ మొలతాడుకి ఉంది. విప్పించి తెరిస్తే, ఇస్త్రీ పంచెల మధ్య తువ్వాలు కప్పుకుని చిన్న పనసపండు ఒకటి పెళ్లికొడుకులా కూర్చుని ఉంది.

వియ్యంకుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. కెజియమ్మ సంచి నోరు తెరిచి పట్టుకుంది. అత్త తన చేత్తోనే పండు అందులో వేసింది.

"దీనికి బదులు ఇంకో యాపిలు కొంతావా సిస్టరమ్మా?" అన్నాడు మావ.

"రెండు కొంతాను. ముందు ఆ తాళంసెవి ఇలగియ్యి."

అది ఆవిడ కొంగుముడిలోకి వెళ్లింది, ఇప్పటికీ అక్కడే ఉంది. మా మావ పంచె మార్చుకోవాలంటే సిస్టరమ్మ ఇంటికి వెళ్లాలి. పంచె కోసమని వెళ్లినవాడు యాపిల్ కిరిస్పు తిని మూతి తుడుచుకుంటూ వస్తున్నాడు.