పిడికెడు బియ్యం

మా చర్చిలో ఆడవాళ్లు వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు పక్కన తీసి, ఆదివారం తెచ్చి గోనెసంచిలో పోస్తారు. సన్న బియ్యం, లావు బియ్యం, రేషన్ బియ్యం అన్నీ కలిసిపోతాయి. తుఫానుకు సముద్రం ఒడ్డు పాళెం వాళ్లంతా చర్చిలో తలదాచుకున్నప్పుడు అమ్మ ఆ బియ్యమే వండింది. సగం మెత్తగా, సగం పలుకుగా ఉడికింది. వడ్డిస్తుంటే అమ్మకు తల కొట్టేసినట్టయింది. వాళ్లు మాత్రం మళ్లీ పెట్టించుకుని తిన్నారు.

నీళ్లు తీశాక వచ్చిన ఆదివారం, పాళెం నుంచి ఒకామె వచ్చి చర్చి మెట్ల దగ్గర అమ్మ ముందు కొంగు ముడి విప్పింది.

"మీ ప్రార్థన నాకు రాదక్కా. ఆ పొద్దు మీ కూడు తిన్యాం గదా, ఇది గూడా అందులో కలపండి."

ఉప్పుడు బియ్యం! మిగతావాటితో కలిసి చచ్చినా ఉడకదు. అమ్మ రెండు చేతులా అందుకుని సంచిలో పోసి, అడుగుదాకా కలిపింది.