మృదంగం తాతగారి కుశలప్రశ్న

కచేరీలో ముందు తంబూర శ్రుతి చేస్తారు, మిగతా వాద్యాలు దానికి కలుస్తాయి. మా జట్టులో అంతా తలకిందులు. మృదంగం తాతగారు ముందు తన వాద్యం సరిచేసుకునేవారు, పాట పాడే మా పంతులమ్మగారు అది విని తంబూర సవరించేవారు. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు, ఆవిడ దగ్గర ఫిడేలు నేర్చుకుంటున్నాను. ఎందుకిలా అని తాతగారిని ఎన్నిసార్లు అడిగినా, "ఏటో, అలవాటైపోనాది," అని తప్పించుకునేవారు.

ఇంకో వింత. మృదంగం ఒళ్లోకి తీసుకునే ముందు ఆయన పంతులమ్మగారిని ఏదో ఒకటి అడగాల్సిందే. "ఏటమ్మా, కాఫీ తాగీసినారా?" "రైల్లో సోటు దొరికిందా?" ఆవిడ జవాబు చెబుతుంటే తల వంచుకుని వినేవారు. వినగానే రాయీ కర్రముక్కా తీసి మృదంగం అంచు మీద టకటకా కొట్టి శ్రుతి చేసుకోవడమే. ముసలాయన చాదస్తమనుకున్నాను.

అరవైల చివర్లో నౌపడలో కచేరీ. ఆవిడ పక్కన వేదికెక్కడం నాకదే మొదలు. ఐదు శ్రుతిలో, అంత ఎత్తున పాడే గొంతని మా వైపు ఆవిడకు పేరు, ఆ పేరు మీదే పిలుపులు వచ్చేవి. అందుకని వేదిక వెనకే శ్రుతిపెట్టె పెట్టుకుని ఐదుకి తీగలు బిగించి కూర్చున్నాను.

"గాలి సల్లగున్నాదమ్మా, శాలువా తేలేదేటి?" అన్నారు తాతగారు. ఆవిడ ఏదో చెప్పారు, ఆయన కొట్టారు, తంబూర సిద్ధమైంది. నా ఫిడేలు మాత్రం కలవలేదు. నా చెవి ఎంత గట్టిదో జనానికి తెలియాలి కదా, మైకు దగ్గరే అనేశాను.

"తాతగారూ, అర శ్రుతి తగ్గింది. ఐదు పెట్టండి."

ఆయన నాకేసి ఉరిమి చూశారు. పంతులమ్మగారు నవ్వేసి, "పిల్ల సరిగ్గానే సెప్పింది. పెంచండి," అన్నారు.

రెండో కీర్తనలో పై షడ్జం అందుకోబోతే, ఆ ఎత్తులో ఆవిడ గొంతు చీలింది. మళ్లీ ఎత్తుకున్నారు, మళ్లీ చీలింది. అప్పటికి గానీ నా బుర్రకెక్కలేదు. కాఫీ, రైలు, శాలువా అన్నీ ఆ పూట ఆ గొంతు ఎంతవరకు లేస్తుందో వినడానికే. వయసు మీద పడుతున్న మనిషి నోరు తెరిచి అడగక్కర్లేకుండా ఆయనే తగ్గించి పెట్టేవారు.

ఆవిడ పాట ఆపి, తంబూర బిరడా మీద చెయ్యి వేసి, "దించండి," అన్నారు. మెల్లగానే అన్నారు, మైకు ఊరుకోదుగా. సిగ్గుతో చచ్చిపోయాను. తల ఎత్తకుండా నాలుగు తీగలూ దించాను. ఆయన ఇన్నేళ్లూ కడుపులో దాచుకున్న సంగతి, నా చెవి పుణ్యమా అని నౌపడంతా విన్నది.