నేను వద్దనని ముక్క

మా ఊళ్లో మేడ అంటే ఒక్కటే, మాది. పత్తి వరసగా దెబ్బ తిన్నాక మా నాన్నగారి చేతిలోంచి ముందు పొలాలు పోయాయి, తర్వాత పొగాకు కాల్చే బ్యారన్లు పోయాయి, ఆఖరికి మేడ పోయింది. కొన్నది మిరపకాయల వ్యాపారి. ఆయన అందులో కాపురం పెట్టలేదు. అమ్మేసిన తర్వాత కూడా ఊరివాళ్లు చాలాకాలం దాన్ని మా ఇంటిపేరుతోనే పిలిచారని విన్నాను. వినడమే తప్ప చూడలేదు. నేను దగ్గర్లోని టౌనులో రెండు గదులు అద్దెకు తీసుకుని, ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. ఊళ్లో పని పడితే స్కూలు వెనక డొంకలోంచి వెళ్లి, మళ్లీ ఆ డొంకలోంచే బయటపడేవాణ్ణి. మేడ ఉన్న వీధిలో తొమ్మిదేళ్లు అడుగు పెట్టలేదు. ఎవరైనా అడిగితే డొంకలో నీడ ఉంటుందనేవాణ్ణి. అక్కడ ఉన్నవన్నీ తుమ్మచెట్లే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో హైదరాబాదు నుంచి ఒక స్వచ్ఛంద సంస్థవాళ్లు మా కాలేజీకి ఒక చిన్న వీడియో కెమెరా ఇచ్చారు. ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలు తమ ఊరి గురించి అయిదు నిమిషాల సినిమా తీయాలి. మా జిల్లా, పక్క జిల్లా కలిపి ముగ్గుర్ని ఎంపిక చేసి హైదరాబాదులో మీడియా డిగ్రీ చదివిస్తారు. ఫీజూ హాస్టలూ అంతా వాళ్లదే. ఉత్తరప్రత్యుత్తరాలు ఇంగ్లీషులో జరపాలి కాబట్టి ప్రిన్సిపాలుగారు ఆ పని నాకు అప్పగించారు. ఎంసెట్ కోచింగుకు వెళ్లగలిగినవాళ్లు ఎలాగూ వెళ్లిపోయారు. ఎరువుల కొట్లో పొట్లాలు కట్టడానికో, మిరపకాయల పనికో పోవలసిన పిల్లలు ఎనిమిదిమంది మిగిలారు. సాయంత్రాలు కెమిస్ట్రీ ల్యాబు పక్క గదిలో వాళ్లను కూర్చోబెట్టి, కెమెరా పట్టుకోవడం నేను నేర్చుకుంటూనే వాళ్లకు నేర్పాను.

మొదట్లో అందరూ పాటలే తీశారు. పత్తిచేలో ఒకడు పరిగెత్తేవాడు, ఇంకొకడు నెమ్మదిగా తల తిప్పి చూసేవాడు. "సినిమాల్లో చూసింది తియ్యొద్దు. మీ ఇంటి పక్కన రోజూ కనబడేది తియ్యండి. దాచిపెట్టి తీస్తే చూసేవాళ్లకు తెలిసిపోతుంది" అని చెప్పాను. చెప్పడం నాకు బాగా వచ్చు. ఒక కుర్రాడు వాడరేవులో చేపలు ఎండబెట్టే వాళ్ల మేనత్తను కెమెరాలో తీసి పట్టుకొచ్చాడు. ఇంకొకడు పిడుగురాళ్ల సున్నపుబట్టీల్లో పనిచేసే అన్న దగ్గరికి బస్సెక్కాడు.

ఆ ఎనిమిదిమందిలో ఒక అమ్మాయిది మా ఊరే. వాళ్ల అమ్మ మిరపకాయలకు ముచ్చికలు తీసే పనికి పోయేది. సెలవుల్లో ఈ పిల్ల కూడా పోయేది. అందుకే కెమెరా తీసుకునే ముందు చేతులకు కొబ్బరినూనె రాసి, పాత గుడ్డతో ఒక్కొక్క వేలూ తుడుచుకునేది. ఆ వేళ్లతో పట్టుకున్నదానికి కన్ను ఆనిస్తే అరగంట మంట. ఒకసారి మరిచిపోయి ఆనించింది. కన్నీళ్లు కారుతున్నా కెమెరా కదల్చలేదు. ఈ పిల్లకు సీటు వస్తుందని ఆ రోజే అనుకున్నాను.

"ఏం తీస్తావమ్మా?" అని అడిగితే,

"మా అమ్మ చేతులు తీస్తానండీ" అంది.

సీటు రాకపోతే ఏమవుతుందో ఆమెకూ నాకూ తెలుసు. ఇంట్లో డిగ్రీ మాట ఎత్తే స్థోమత లేదు. పరీక్షలయ్యేసరికి కాయ ఇంకా కల్లాల మీదే ఉంటుంది.

తీసింది కోసి అతికించడానికి టౌనులో ఒకే చోటు ఉండేది, పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే కొట్టు. అక్కడి కుర్రాడికి పిల్లలంతా అలవాటైపోయారు. ఆ అమ్మాయి క్యాసెట్ పెట్టించిన రోజు నేనూ వెళ్లాను. తెర మీద ఎర్రటి కాయలు, వాటి మధ్య చేతులు. మాటలకన్నా దగ్గు ఎక్కువ వినబడుతోంది.

"ఏంది చెల్లెమ్మా, అంతా దగ్గులే! ఎనకాల ఓ పాట ఎక్కిద్దామా?" అన్నాడతను.

"వద్దన్నా. దగ్గే ఉండాలి."

"పోనీ మొదట్లో రెండు గులాబీలు తిప్పుతా. మధ్యలోంచి మీ అమ్మ వస్తది."

"మా అమ్మేమన్నా పెళ్లికూతురా?"

"నాకొచ్చింది పెళ్లే తల్లీ. రేపు నువ్వు దినం కేసెట్టు తెచ్చినా గులాబీలే తిప్పుతా."

ముగ్గురం నవ్వాం. నవ్వుతుండగానే తెర మీద కెమెరా ఆ చేతుల్ని వదిలి మెల్లగా పైకి లేచింది. ఒక టేకు స్తంభం వచ్చింది. స్తంభానికి చెక్కిన చిలక వచ్చింది. చిలకకు ముక్కు లేదు.

ఆ ముక్కు విరగ్గొట్టింది నేను, ఏడేళ్లప్పుడు, బొంగరంతో.

కెమెరా ఇంకా లేచింది. మా హాలు. గోడల నిండా ఎర్ర దుమ్ము. నేల మీద గుట్టలుగా కాయలు, చుట్టూ మూతులకు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్లు. పైన దూలానికి మా తాతగారి ఉయ్యాలబల్ల కొక్కేలు నాలుగూ అలాగే ఉన్నాయి. వాటి కింద, బల్ల వేలాడిన చోటనే, ఆ అమ్మాయి తల్లి కూర్చుని ఉంది. మూతి గుడ్డ కిందికి లాగి కూతురి వైపు చూసి మాట్లాడింది.

"చిన్నప్పుడు మా అమ్మెంట వచ్చి ఈ ఇంటి దొడ్డిగుమ్మం కాడ నిలబడేదాన్ని, మజ్జిగ కోసం. గిన్నె తగలకుండా పైనుంచి పోసేవాళ్లు. సగం మోచేతుల మీదే పోయేది. ఇప్పుడు సూడు, ఆళ్ల నట్టింట్లో కాళ్లు బారజాపుకుని కూచున్నా!"

అని పెద్దగా నవ్వింది. నవ్వు దగ్గయింది. పక్కనున్న ఆడవాళ్లు కూడా నవ్వి దగ్గారు. అందులో కసి ఏమీ లేదు. అలసిపోయిన మనిషి ఆడే హాస్యం, అంతే. మొత్తం ఒకటిన్నర నిమిషం.

మిక్సింగ్ కుర్రాడు తెర ఆపి నా వైపు చూశాడు. ఆ మేడ ఎవరిదో అతనికీ తెలుసు.

నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. పెట్టుకున్నాను. చేతి గడియారం చూసుకున్నాను. "బస్సు టైమైంది" అని లేచాను. ఆ అమ్మాయి కూడా చప్పున లేచి నిలబడింది. వెనక్కి చూడకుండా మెట్లు దిగాను.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా తాతగారు ఎవరికీ 'వద్దు' అని గాని 'కాదు' అని గాని చెప్పేవారు కాదు. నోటితో కాదనవలసి రావడం ఆయనకు చిన్నతనం. అరుగు కింద నిలబడినవాడు అడగవలసింది అడుగుతాడు. ఆయన గడియారం చూసుకుంటారు. వాడు తలగుడ్డ తీసి దణ్ణం పెట్టి వెళ్లిపోతాడు. రెండోసారి అడిగినవాణ్ణి నేను చూడలేదు. నా చేతికున్నది ఆయన గడియారమే. మేడలోంచి నేను తెచ్చుకున్న వస్తువు అదొక్కటి. ఆ అరుగు కింద నిలబడినవాళ్లలో ఆ అమ్మాయి తాతలూ ఉన్నారు. గడియారం చూడటమంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

రెండు రోజుల తర్వాత పూర్తయిన క్యాసెట్ తెచ్చి ఇచ్చింది. కాలేజీ టీవీలో వేసి ఒక్కణ్ణే చూశాను. చిలక లేదు. హాలు లేదు. తల్లి ముఖం లేదు, మాట లేదు. ఆ ఖాళీలో ముందు వచ్చిన చేతులే మళ్లీ వచ్చాయి. బాగానే ఉన్నాయి. కాని అవి ఎవరి చేతులో, ఎక్కడున్నాయో తెలియదు.

క్యాసెట్ పంపడానికి ఇంకా మూడు రోజుల గడువుంది. మిక్సింగ్ కొట్టు కాలేజీకి నాలుగు అడుగుల దూరం. ఆ ముక్క మళ్లీ పెట్టు తల్లీ అంటే ఒక పూట పని. నేను ఆమె రాసిన ఇంగ్లీషు పేజీలో తప్పులు దిద్ది, సంతకం పెట్టి పంపించాను. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తీసినవాళ్ల ఇష్టం అని నాకు నేను చెప్పుకున్నాను.

ఎంపిక ఒంగోలులో జరిగింది. ఒక హాల్లో టీవీ పెట్టి ఒక్కొక్కరి సినిమా వేసి, తీసినవాళ్లను నిలబెట్టి మాట్లాడించారు. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లలో నేతచీర కట్టుకున్న ఒకావిడ ఎక్కువ మాట్లాడింది. మెత్తని మనిషి.

"చేతులు చాలా బాగా తీశావమ్మా" అంది. "కాని మీ అమ్మ ఎక్కడ కూర్చుని పనిచేస్తుంది? ఆ చోటేది? ఆవిడ ముఖమేది?"

ఆ అమ్మాయి తల వంచుకుని నిలబడింది. నేను మూడో వరసలో కూర్చున్నాను. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

"తియ్యలేదండీ."

"ఎందుకని?"

"తోచలేదండీ."

"ఇన్ని చేతులు తీసినదానివి, తల కొంచెం పైకెత్తి చూడాలని తోచలేదా?"

"లేదండీ."

ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుంది. నేను లేచి నిలబడి ఒక్క మాట చెబితే సరిపోయేది. తీసింది, నా వల్ల తీసేసింది, ఆ ముక్క ఉన్న క్యాసెట్ మిక్సింగ్ కొట్లోనే ఉంది, రేపటికి తెప్పిస్తాను. ఇంగ్లీషులో అయినా చెప్పగలను, తెలుగులో అయినా చెప్పగలను. నిటారుగా కూర్చునే ఉన్నాను. తర్వాతి పేరు పిలిచారు.

వాడరేవు కుర్రాడికి సీటు వచ్చింది. మిగతా రెండు సీట్లు వేరే కాలేజీలవాళ్లకు వెళ్లాయి. టీ తాగేటప్పుడు ఆవిడ నా దగ్గరికి వచ్చి, "ఆ అమ్మాయికి చూపు ఉందండీ. మనుషుల దగ్గరికి వెళ్లడానికి భయపడుతున్నట్టుంది. వచ్చే ఏడు మళ్లీ పంపించండి" అంది. మరుసటి ఏడు ఆ సంస్థవాళ్లు రాలేదు.

తిరుగు బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంది. "కూర్చోమ్మా" అన్నాను. "పర్లేదండీ" అని మేం దిగే మార్టూరు దాకా కడ్డీ పట్టుకుని నిలబడింది.

నెల తర్వాత బస్టాండులో వాళ్ల అమ్మ కనబడింది. గోళ్ల సందుల్లో ఎర్రదనం పోలేదు. నన్ను చూసి నెత్తి మీది మూట దించింది. "మా పిల్లకు రాసిపెట్టి లేదు బాబుగారూ. తమరు మటుకు ఎంత తిరిగారు దాని కోసరం!" అంది. పక్కనే కూతురుంది. ఆమె చేతిలోనూ ఒక మూట ఉంది. తల్లికి ఆమె ఏమీ చెప్పలేదని అప్పుడు అర్థమైంది.

రెండు కాపుకాలాలు ముచ్చికలు తీశాక మిక్సింగ్ కుర్రాడు ఆమెను కొట్లో పనికి పెట్టుకున్నాడు. ప్రైవేటుగా డిగ్రీకి కట్టిందని, రెండో ఏడు మానేసిందని ఎవరో చెప్పారు.

ఆ తర్వాత నాలుగైదేళ్లకు వ్యాపారి మేడ పడగొట్టించాడు. నాకు తెలిసేసరికి స్తంభాలు, దూలాలు లారీకెక్కి ఎటో వెళ్లిపోయాయి. అప్పుడు వెళ్లాను ఆ వీధికి. చదును చేసిన నేల మీద కాయలు ఆరబోసి ఉన్నాయి. కావలి ఉన్న ముసలాడు, "కాయ తొక్కకుండా పక్కగా నడవండి" అన్నాడు. నేనెవరో అతనికి తెలియదు. పక్కగానే నడిచాను.

ఇంటికొచ్చి ఫొటోలన్నీ తీసి చూశాను. తాతగారు ఉన్నారు, నానమ్మ ఉంది, వాళ్ల వెనక స్టూడియో తెర ఉంది. హాలు ఒక్క ఫొటోలోనూ లేదు. రెండో రోజు మిక్సింగ్ కొట్టు మెట్లెక్కాను.

కొట్లో ఇప్పుడు కంప్యూటర్లు వచ్చాయి. ఆమె ఒక్కతే కూర్చుని ఏదో పెళ్లి కోస్తోంది. నన్ను చూడగానే లేచి నిలబడింది. కూర్చోమన్నా, నేను కూర్చునేదాకా కూర్చోలేదు.

"అమ్మ బాగుందా?"

"బాగుందండీ. దగ్గు ఎక్కువైంది. పనికి పోవట్లేదు."

ఎలా అడగాలో తెలియలేదు. ఒకరిని ఒకటి అడిగే అలవాటు మా ఇంట్లో లేదు.

"అప్పుడు నువ్వు తీశావు చూడు, హాలు... ఆ ముక్క ఉందా?"

"లేదండీ. ఆ క్యాసెట్ మీద పెళ్లి ఎక్కించాం. అప్పట్లో పాతవాటి మీదే తీసేవాళ్లం కదండీ."

"ఎవరి పెళ్లి?"

ఎందుకడిగానో నాకే తెలియదు.

"గుర్తులేదండీ" అని, మౌస్ మీంచి చెయ్యి తీసి, "దాచేదాన్నేనండీ. మీరు వద్దన్నారు కదాని ఇంక..." అంది.

"నేను వద్దనలేదమ్మా."

ఆమె తల ఎత్తి నా ముఖంలోకి చూసింది. అన్నేళ్లలో అలా చూడటం అదే మొదటిసారి.

"అవునండీ" అంది. "అనలేదు."

తెర మీద ఎవరో పెళ్లికూతురు తల వంచుకుని ఆగిపోయి ఉంది. చుట్టూ గులాబీలు. ఆమె నెమ్మదిగా అడిగింది, "టీ తెప్పించమంటారా?"

తెప్పించమనే అనుకున్నాను. ఇంకాసేపు అక్కడ కూర్చోవాలని ఉంది. తల్లిని చూడటానికి వస్తానని చెప్పాలని కూడా ఉంది. మాట కోసం వెతుక్కుంటుంటే చూపు అలవాటుగా గడియారం మీద పడింది.

"సరేనండీ" అని ఆమె తెర వైపు తిరిగింది.