లేని పరికరాలకు పేర్లు

తొంభైల చివర్లో సిద్దిపేట బస్టాండు దగ్గర, ఒక బట్టల దుకాణం పైఅంతస్తులో మేమిద్దరం కంప్యూటర్ పాఠాలు చెప్పేవాళ్లం. రెండో అతను నాకంటే కాస్త పెద్ద. వాళ్ల నాన్న రేడియోలు బాగుచేసేవారు, ఆ ఒడుపు కొడుక్కీ వచ్చింది. ఒకరినొకరం భాయ్ అని పిలుచుకునేవాళ్లం.

హైదరాబాద్‌లో కొన్న ఒక పత్రికతో వచ్చిన సీడీతో, విండోస్‌కు బదులు లినక్స్ ఎక్కించాం. అందులో ప్రింటరుకొకటి, మౌస్‌కొకటి, ఇలా ప్రతి పరికరానికీ ఒక ఫైలు ఉంటుంది. ప్రోగ్రాములు ఆ పేరుతోనే పరికరాన్ని పిలుస్తాయి. ఒక మధ్యాహ్నం అతను ఆ ఫైళ్లుండే ఫోల్డరు తెరిచి, తెర మీద ఆగకుండా జారిపోతున్న పేర్లు చూసి నవ్వాడు.

"గివన్నీ యాడున్నయి భాయ్? మన మిషన్‌కున్నది ఒక్కటే డిస్కు. గీడ ఇన్ని డిస్కుల పేర్లున్నయి."

"రేపు తగిలిస్తే పనికొస్తయి."

"తగిలిచ్చిన నాడే పేరు పెట్టుకోవచ్చు గద. లేనిదానికి పేరెందుకు?"

ఆ వాదన నెలల తరబడి నడిచింది. పేర్లు స్థిరంగా ఉండాలని నేను. ఏ పరికరాన్ని ఎవరు వాడొచ్చో ఒకసారి రాసిపెడితే అది చెరిగిపోకూడదని నా పట్టు. "గది గూడ యాదుంచుకునేటట్టు రాయొచ్చు" అనేవాడు అతను. క్లాసు అయిపోయినా విద్యార్థులు కూర్చుని వినేవారు. మెల్లగా అందరూ అతని వైపు మొగ్గారు. నాకు మండింది అక్కడే.

అతను మాటలతో ఆగలేదు. మిషన్ మొదలయ్యేటప్పుడు ఏమేం తగిలించి ఉన్నాయో చూసి, వాటికే ఫైళ్లు తయారుచేసే ప్రోగ్రాం రాశాడు. మా కంప్యూటర్ సెంటర్ యజమాని సంతోషపడ్డాడు.

"శనివారం నాకు చూపియ్యి. మంచిగుంటే అన్ని మిషన్లల్ల పెడదం. లినక్స్ క్లాసు గూడ నువ్వే చెప్పు" అన్నాడు.

అప్పటిదాకా ఆ క్లాసు నాది.

శనివారానికి ముందే భాయ్ ఆ ప్రోగ్రాం నాకిచ్చి చదవమన్నాడు. చదివాను. లోపం కనిపించింది. మిషన్ మొదలయ్యాక ఆన్ చేసిన ప్రింటరుకు పేరు పుట్టదు. చెబితే రెండు రోజుల్లో సరిచేసుకునేవాడు. "బాగుంది భాయ్" అని ఇచ్చేశాను.

శనివారం అతను యజమానికి వివరిస్తూ మిషన్ ఆన్ చేశాడు. ప్రింటరు లైటు వెలగలేదు. దాని పక్కనే నేనున్నాను. చేయి చాపితే స్విచ్ అందుతుంది. చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ప్రింటు రాలేదు. మూడుసార్లు ప్రయత్నించాక స్విచ్ చూసుకుని వేశాడు. అయినా రాలేదు.

"మిషన్ బంద్ చేసి మళ్ల స్టార్ట్ చేస్తే వస్తది" అన్నాడు తగ్గిన గొంతుతో.

యజమాని నా వైపు తిరిగాడు. "సార్, మీరేమంటరు?"

"ప్రింటర్ ఆన్ చేసినప్పుడల్లా మిషన్ ఆపుడంటే విద్యార్థులతోని కాదు" అన్నాను.

అన్నది నిజమే. అంత సరైన మాటను అంత నీచంగా నేను ఇంకెప్పుడూ వాడలేదు.

నెల తిరగకుండానే అతను మానేశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తర్వాత కొన్నేళ్లకు లినక్స్ కొత్త రూపాలు వచ్చాయి. తగిలించిన వాటికే పేర్లు, అదీ తగిలించిన క్షణాన. నేను పుస్తకం చూసి ఆ పాఠం చెప్పాను. అతని ఊసెత్తలేదు.

ఒకసారి ఏదో సర్టిఫికెట్ కోసం హుస్నాబాద్‌లో ఒక ఆఫీసుకు వెళ్తే, కంప్యూటర్ ముందు అతనే ఉన్నాడు. నా కాగితం తీసుకుని టైపు చేస్తున్నాడు. ఉండబట్టలేక చెప్పేశాను.

"ఆ రోజు ప్రింటర్ ఆఫ్‌ల ఉందని నాకు ముందే తెలుసు భాయ్."

"ఎరికే. స్విచ్ ఏసేటప్పుడు నీ మొకం చూసిన."

"మరి ఎందుకు అడగలే?"

"ఏమని అడగాలె? నువ్వన్నది తప్పు కాదు గద."

సర్టిఫికెట్ చేతికిస్తూ, "ఇంకా గాడనే చెప్తున్నవా? ఇప్పుడేం చెప్తున్నవ్?" అని అడిగాడు.

"అవే, పాత పాఠాలు" అన్నాను.

అతను తలూపి, నా వెనకున్న మనిషి కాగితానికి చేయి చాపాడు.