ప్రమాదం లేని రోజులు

పోయిన వారం పన్ను నొప్పితో మాదాపూర్‌లో ఒక దంతవైద్యుడి దగ్గరికి వెళ్తే, కుర్చీ ఎక్కకముందే ఒక కాగితం చేతికిచ్చారు. షుగర్ ఉందా, బీపీ ఉందా, గుండెకు స్టెంట్ వేశారా అని వరసగా ప్రశ్నలు. ఆరోదో ఏడోదో ఇలా ఉంది: ఎముకల కోసం ఇంజెక్షన్లు ఏమైనా తీసుకుంటున్నారా? నేను తీసుకోవడం లేదు. లేదు అన్న గడిలో టిక్కు పెట్టి ఇచ్చేస్తే సరిపోయేది, కానీ చెయ్యి కదల్లేదు. కౌంటర్ దగ్గరి అమ్మాయి అయిపోయిందా అని రెండుసార్లు అడిగింది. కిటికీలోంచి చూస్తే మెట్రో స్తంభాల వెనక, ఒకప్పుడు నేను పనిచేసిన అద్దాల బిల్డింగు కనిపిస్తోంది. బోర్డు మారింది, రంగు మారింది, మెడలో ఐడీ కార్డుల పట్టీలు వేలాడేసుకుని లోపలికి పోయే జనం మాత్రం అలాగే ఉన్నారు. ఇన్నేళ్లయినా దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అక్కడ మా పనికి మందుల భద్రత అని గొప్ప పేరు. ఎక్కడో విదేశంలో ఒక పెద్దాయన ఏదో మందు వేసుకుంటాడు, ఒళ్లంతా దద్దుర్లొస్తాయి. ఆ కబురు కాగితంగా మారి మా కంప్యూటర్లలోకి వస్తుంది. ఎప్పుడు మొదలైంది, తీవ్రమైనదా కాదా, మందుకూ దీనికీ సంబంధం ఉందా లేదా అన్న గడులు నింపి పంపడం మా ఉద్యోగం. గోడ మీద పెద్ద తెర ఒకటి ఉండేది, ఇంకా ఎన్ని కేసులు మిగిలాయో చూపిస్తూ. అది సున్నాకు వచ్చిన రోజు కేకు కోసేవాళ్లం. మనుషుల వాంతులూ వాపులూ చావులూ పూర్తయ్యాయని చాక్లెట్ కేకు! నేనూ తిన్నాను, రెండో ముక్క కూడా అడిగి తిన్నాను. మా టీమ్ లీడ్ కోస్తా నుంచి వచ్చినవాడు. మర్యాదలో వంక పెట్టలేం. "ఆసుపత్రిలో చేరలేదు కదండీ, తీవ్రం అని ఎందుకు పెట్టారండీ, మార్చేయండి" అనేవాడు, కుర్చీలో వాలి గోళ్లు చూసుకుంటూ. తీవ్రమైతే గడువు తక్కువ, తెర మీద అంకె ఎర్రబడుతుంది, ఆయన ముఖం నల్లబడుతుంది. అవి తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ పిలుపు వస్తే కంపెనీ బస్సులకు కర్టెన్లు వేసి మమ్మల్ని దొంగసరుకులాగా తీసుకెళ్లేవారు. రోడ్ల మీద పిల్లలు లాఠీ దెబ్బలు తింటుంటే, వీళ్లకి పనీపాటా లేదండీ అని ఆయన కాఫీ మిషన్ దగ్గర నిలబడి తీర్పు చెప్పేవాడు. ఈ నేల మీదే పుట్టిన నేను కప్పు ఊదుకుంటూ ఊరుకునేదాన్ని. ఆయనను అసహ్యించుకోవడంలోనే నా పౌరుషమంతా ఖర్చయిపోయేది.

ఇంటికొస్తే పెద్దనాయిన ఉండేవాడు. మా నాన్నకు అన్న. పెద్దమ్మ పోయాక బాచుపల్లిలో మా దగ్గరే ఉన్నాడు. బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. ఆ షెడ్డు గేటు దగ్గర ఒక నల్లబోర్డు ఉండేదట, ప్రమాదం లేని రోజులు అని పైన రాసి, కింద సుద్దముక్కతో అంకె. ఎవరికైనా దెబ్బ తగిలితే అంకె మళ్లీ సున్నాకు వస్తుంది, నూరు రోజులు నిండితే షెడ్డు మొత్తానికి పంచే మిఠాయి డబ్బాలు ఆగిపోతాయి. అందుకని ఎవరికీ దెబ్బలు తగిలేవి కావు. వేలు తెగితే నూనె గుడ్డ చుట్టుకుని, షిఫ్టు అయ్యేదాకా ఓర్చుకుని, గేటు బయట ఒక కాంపౌండర్ దగ్గర కుట్లు వేయించుకునేవారు. పెద్దనాయిన ఎడమచేతి చూపుడువేలుకు చివర లేదు. ఆ వేలు ఊపుతూ తమ షెడ్డులో నూట ఎనభై రోజులు ఒక్క ప్రమాదం జరగలేదని గర్వంగా చెప్పేవాడు. మేము పడీ పడీ నవ్వేవాళ్లం.

ఆయనకు ప్రోస్టేట్ క్యాన్సర్. ఎముకల దాకా ఇంకా పోలేదు, కానీ పోయే సూచనలు ఉన్నాయన్నారు. అలా పాకడాన్ని ఆలస్యం చేయడానికి ఒక మందు ఉంది, నెలకోసారి చర్మం కిందికి ఇంజెక్షన్, ఏళ్ల తరబడి వాడితే ఒంటికి ఏమవుతుందో చూసే క్లినికల్ ట్రయల్‌లో చేరతారా అని పెద్దాసుపత్రిలో అడిగారు. బోలెడు పేజీల కాగితం. నేను ఆ రంగంలో పండితురాలిని కదా, చదివి చెప్పమన్నారు ఇంట్లో. అరగంటలో చదివేసి, అంతా మామూలేనని చెప్పి, సంతకం పెట్టించాను. దవడ ఎముక చచ్చిపోయే ప్రమాదం అరుదుగా ఉంటుందని, చెప్పకుండా పళ్లు పీకించుకోవద్దని అందులో ఉంది. చెప్పాను కూడా, ఫోన్ చూసుకుంటూ. ఆయనకు కావాల్సింది ఒక్కటే. అరవై తొమ్మిది ఉద్యమంలో కాలేజీ పిల్లలతో కలిసి రోడ్డెక్కినవాడు, ఈసారి తెలంగాణ చూసి పోవాలని పట్టు. ఢిల్లీ వాళ్లు తెలంగాణను ఆలస్యం చేస్తున్నారు, మందు రోగాన్ని ఆలస్యం చేస్తోంది, ఏది ముందు ఓడిపోతుందో చూద్దామనేవాడు.

మూడో ఏట ఆయన అన్నం పప్పులో మెత్తగా కలుపుకోవడం మొదలుపెట్టాడు. తినేటప్పుడు జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకునేవాడు. నెలనెలా ఇంజెక్షన్ ఇచ్చే నర్సు ఇబ్బందేమైనా ఉందా అండీ అని అడిగితే, బాగనే ఉన్న అనేవాడు. నేను అడిగినా అదే మాట. రోజంతా గడులు నింపి వచ్చినదాన్ని, ఉప్పునీళ్లు పుక్కిలించమని చెప్పి నా గదిలోకి పోయేదాన్ని. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, బాల్కనీలో ఎండలో కూర్చుని దేనికో నోరారా నవ్వాడు. కింద కుడివైపు ఒక పన్ను లేదు. దాని చోట చిగుళ్ల కండ కూడా లేదు. తెల్లగా ఎముక కనిపించింది. పన్ను తీసిన చోట మానని పుండు, బయటపడ్డ దవడ ఎముక అని ఎన్ని కేసుల్లో టైపు చేశానో నాకే తెలియదు. ఆ మాటలకు ఇలాంటి వాసన ఉంటుందని మాత్రం ఆ రోజే తెలిసింది. గుచ్చి గుచ్చి అడిగితే బయటపెట్టాడు. మూడు నెలల కింద ఒక బంద్ రోజున, ఇంట్లో అందరూ టీవీ ముందున్నప్పుడు, స్నేహితుడి స్కూటర్ మీద బాలానగర్ పోయి, పాత ఫ్యాక్టరీ గేటు ఎదురుగా కట్టుడుపళ్లు చేసే దుకాణంలో పన్ను పీకించుకున్నాడట. ఈ మందు వాడుతున్నాడని ఆసుపత్రి వాళ్లు రాసిచ్చిన కార్డు బైబిల్లో దాచి మరీ పోయాడు.

చెప్పాలి, రేపే చెప్పాలి అన్నాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"నువ్వు చెప్తే నా పేరు కొట్టేస్తరు బిడ్డా. జర ఆగు. తెలంగాణ రానీ, తర్వాత దవడ పోతె పోనీ."

ఆగాను. టీమ్ లీడ్‌ను రోజూ మనసులో తిట్టుకునే నేను, రోగుల భద్రతే మా ప్రాణం అని రాసిన గోడ పక్కన కూర్చునే నేను, నోరు మూసుకున్నాను. ప్రేమ అని చెప్పుకున్నాను అప్పుడు. అది పిరికితనం. ఆయన కళ్లలోకి చూసి కాదనలేక, ఆ భారాన్ని ఆయన దవడ మీదే వదిలేశాను. నా కళ్ల ముందే ఇంకో రెండు ఇంజెక్షన్లు పడ్డాయి. రెండోదానికి నేనే ఆటోలో తీసుకెళ్లాను. నర్సు అడిగింది, ఆయన బాగనే ఉన్న అన్నాడు, నేను గోడ మీది క్యాలెండర్ చూశాను. ఆ తర్వాతి వారం చెంప వాచి, చీము బయటికి వచ్చాక గానీ మాకు ధైర్యం రాలేదు. అది కూడా ధైర్యం కాదు, దాచడానికి వీల్లేక.

డాక్టరు లైటు వేసి చూసి, ఎప్పటినుంచి అని అడిగాడు. పెద్దనాయిన నా వైపు చూశాడు. నేను "ఈ వారమే చూశామండీ" అన్నాను. పన్ను సంగతి అడిగితే దానంతటదే ఊడిందని పెద్దనాయిన అన్నాడు. డాక్టరు మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, అదే రాసుకున్నాడు. ఆయనకూ శుభ్రమైన కాగితమే ముద్దు. పెద్దనాయిన భయపడ్డట్టే ఇంజెక్షన్ ఆపేశారు. దవడలో చచ్చిన ముక్క తీసేశారు. ముందే చెప్పి ఉంటే దవడ దక్కేదా అని తర్వాత ఎప్పుడో అడిగితే, చెప్పలేమమ్మా అన్నాడు డాక్టరు. ఆ మాట మాత్రం నిజమే అయి ఉంటుంది.

రోగం ఎముకల్లోకి వచ్చింది, నడుముకు, తుంటికి. అయినా ఆయన పందెం గెలిచాడు. రాష్ట్రం వచ్చిన రోజున అపార్ట్‌మెంట్ కింద టపాకాయలు కాలుస్తుంటే, మంచం కిటికీ దగ్గరికి జరిపించుకున్నాడు. ఎవరో పంపిన జిలేబీని పాలలో నానబెట్టి, చెంచాతో పెట్టాను. సగం గడ్డం మీదికి జారింది. తుడుస్తుంటే "వచ్చింది బిడ్డా, నేను గూడ ఉన్న" అన్నాడు. ఆ వానాకాలం దాటలేదు.

దంతవైద్యుడి కాగితంలో చివరికి లేదు అన్న గడిలో టిక్కు పెట్టాను. కింద సంతకం చేసి తేదీ వేశాను, ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని. ఆ మందు ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుందో తేల్చిన కాగితాల్లో ఎక్కడో మా పెద్దనాయిన దవడ కూడా ఉంటుంది, వారం కిందట మొదలైనట్టు. జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుని ఆయన గడిపిన ఆ ఐదు నెలలూ వాళ్ల లెక్కలో ఇప్పటికీ ప్రమాదం లేని రోజులే.