గుడి వంటాయన కాగితాలు

"నీ వీసా ఎక్స్‌టెన్షన్ సంగతి నాకొదిలెయ్. వచ్చే వారమే ఫైల్ చేయిస్తా" అని పద్నాలుగేళ్ల క్రితం మా గుడి చైర్మన్ వంటాయనకి మాటిచ్చాడు. ఆ వారం రాలేదు. మొన్న మంగళవారం వంటాయన గుండె ఆగి పోయాడు. టెక్సస్‌లోని ప్లేనోలో మా గుడికి వచ్చేవాళ్లలో ఆయన పులిహోర తిననివాళ్లు లేరు. ఆయన ఇంటిపేరు తెలిసినవాళ్లూ లేరు.

ఆ చైర్మన్ నా సొంత తమ్ముడు. ఇది ముందే చెప్పడం మంచిది.

వంటాయన ఆరేళ్ల కూతుర్ని అమలాపురంలో వదిలి, గుడి ఇప్పించిన వీసా మీద వచ్చాడు. గడువు దాటాక ఇండియా వెళ్తే మళ్లీ రానివ్వరు. పిల్ల చదువు ఈ జీతం మీదే నడిచేది. ఒక్కసారి వెళ్లి దాన్ని చూసి రావాలన్నదే ఆయన కోరిక.

నైవేద్యం కాకముందు రుచి చూడకూడదు కనుక ఉప్పు సరిపోయిందో లేదో వాసనతోనే చెప్పేవాడు. "వడ్డించేటప్పుడు మొహం చూడకూడదండీ, విస్తరి చూడాలి" అనేవాడు.

ఎన్నికల ముందు ఒక ఆదివారం భోజనాల హాల్లో మెక్సికో బోర్డర్ మీద వాదన లేచింది. తమ్ముడు గొంతు పెంచాడు. "మనం ఏళ్లకేళ్లు లైన్లో నిలబడ్డాం. వీళ్లు గోడ దూకి వస్తారా? పేపర్స్ లేనివాళ్లందర్నీ పంపించెయ్యాలన్నవాళ్లు హ్యాండ్స్ రెయిజ్ చెయ్యండి!"

కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ అమ్మాయి ఒకతి అడిగింది. "నా జాబ్ పోతే ఇక్కడ ఉండనిచ్చేది అరవై రోజులే అంకుల్. ఆ తర్వాత నేనూ వాళ్లలోనే కదా?"

"నీది వేరమ్మా. నువ్వు లీగల్."

అందరి కుడిచేతులూ సాంబారన్నంలో ఉన్నాయి. అందుకని ఎడమచేతులు లేచాయి. ఆ చేత్తో మనం ఎవరికీ అక్షింతలు కూడా వెయ్యం. వంటాయన సాంబారు బకెట్టుతో వరసల మధ్య నిలబడి ఉన్నాడు. నా చెయ్యి లేవలేదు, నోరూ లేవలేదు. వలసల చరిత్ర మీదే నా డాక్టరేట్. ఇంట్లో అల్మరా నిండా ఆ పుస్తకాలే. ఒక్క వాక్యం అక్కరకు రాలేదు.

తర్వాత వంటింట్లోకి వెళ్లాను. ఆయన గిన్నెలు తోముతున్నాడు.

"పట్టించుకోకయ్యా" అన్నాను.

"అబ్బే, లేదు డాక్టర్‌గారూ. నన్ను పంపించేస్తే వచ్చే ఆదివారం పులిహోర ఎవరు కలుపుతారో, దానికీ చేతులెత్తమనాల్సిందండీ" అని నవ్వాడు.

ఆ సాయంత్రమే వంటాయన ఫైల్ ఏమైందని తమ్ముణ్ణి నిలదీశాను. "మర్చిపోయా అన్నయ్యా. ఆ నెల కుంభాభిషేకం హడావుడి. ఇప్పుడు కదిపితే గుడి పేరు బయటికొస్తుంది" అన్నాడు. ఆ కుంభాభిషేకానికి మూడు రోజులు నిద్ర లేకుండా వండింది వంటాయనే. గోడ ఆయన దూకలేదు. తలుపు దగ్గర ఉంటానన్నవాడు పండగ పనిలో పడి మరిచిపోయాడు.

నిన్న ఆయన్ని పంపించాం. కూతురు హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో ఎదురుచూస్తోంది. ఇప్పుడు నర్సు. "పెట్టె తెరవచ్చా అంకుల్?" అని ఫోన్‌లో అడిగింది. తెరవచ్చమ్మా అన్నాను.

ఈసారి కాగితాలన్నీ రెండు రోజుల్లో తయారయ్యాయి. కార్గో ఆఫీసు కౌంటర్ మీద చివరి కాగితం నా ముందుకొచ్చింది. పంపుతున్నవారి పేరు రాసే చోట నిండుగా, ఎక్కడా తడబడని సంతకం. నా తమ్ముడిది.

నేను ఇప్పటికీ తప్పు పట్టేది వాణ్ణే.